పలక మరచిన తప్పు

నా చిన్నతనమున మా బడికి మార్కాపురము పలకలు వచ్చెడివి. నల్లని రాతిబిళ్ల, దాని చుట్టును చెక్క చట్రము, చట్రమునకు ఒక మూల చిన్న రంధ్రము, ఆ రంధ్రమున దారము కట్టి వ్రేలాడదీసిన తడిగుడ్డ పేలిక. అంతే మా విద్యాసామగ్రి. లెక్క తప్పితిమా, ఆ పేలికతోనో, పేలిక లేనినాడు మోచేతితోనో గబగబ తుడిచివేసి, పంతులుగారు మా వరుస దగ్గరకు వచ్చునప్పటికి ప్రక్కవాని పలక నోరచూపు చూచి సరియైన అంకె వేసి సిద్ధముగా పట్టుకొనెడివారము. వారు ఆ అంకెను చూచి తలయూపి ముందునకు సాగెడివారు. పలక ఆ తప్పును మరచెను. పంతులుగారు దానిని చూడనే లేదు. దానికి మూలమైన తెలియనితనము మాత్రము నాలో పదిలముగా నుండి, పై తరగతిలో దశాంశములు వచ్చిననాడు తల యెత్తెను.

నేడు పిల్లల చేతికి వచ్చిన గాజుబిళ్లను మనము ట్యాబ్ అనుచున్నాము. ఆ యింగ్లీషు మాటకు తెలుగున సరియైన అర్థము పలకయే. కాని ఆ పలకకును ఈ పలకకును ఒక్క విషయమున భూమ్యాకాశముల అంతరము కలదు: ఇది మరువదు. పిల్లవాడు మొదట ఏ సమాధానమును నొక్కెను, పిదప దేనికి మారెను, ఎంతసే పాలోచించెను, నిన్న తప్పిన లెక్కనే నేడును తప్పెనా అను నదంతయు ఇది దాచిపెట్టగలదు. డిజిటల్ బోధన యనగానే జనులు రంగురంగుల బొమ్మలను గూర్చియు, కదలు చిత్రములను గూర్చియు చెప్పుకొందురు. అవి మంచివే. అయినను, ఈ సాధనముల వలన చదువునకు కలిగిన అసలైన క్రొత్త మేలు బొమ్మ చూపుట కాదనియు, పిల్లవాని తప్పును చెరిగిపోకుండ గురువు కంటబడునట్లు చేయుటయే యనియు నా నమ్మకము. ఆ తప్పును చదువు గురువు లేనిచోట ఎంత ఖరీదైన గాజుబిళ్లయు ఒట్టి పలకయే.

నేనుండు హయత్‌నగర్ ఒకప్పుడు బాటసారుల విడిది. గోల్కొండ రాజపుత్రి హయత్ బక్షీ బేగము పేర వెలసిన యీ యూర, మచిలీపట్నము రేవునకు పోవు బాట ప్రక్క మసీదును, దాని యావరణ చుట్టును ప్రయాణికులు దిగుటకు గదులను కట్టిరి; ఆ చేరువనే హాథీ బౌలి యని పేరొందిన పెద్ద దిగుడుబావి యున్నది. ఆ బాట యిప్పుడు విజయవాడ జాతీయ రహదారి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల నుండి పిల్లల చదువు కొరకు హైదరాబాదు పట్నము చేరిన కుటుంబములు ఈ రహదారి పొడవునను, వనస్థలిపురము నుండి లోపలి కాలనీల వరకును స్థిరపడినవి. పెద్ద పిల్లలు ఉదయముననే ఎల్.బి.నగర్ మెట్రో యెక్కి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు పోవుదురు. చిన్న పిల్లలను పసుపుపచ్చని బస్సులు వీధిమలుపుల నుండి ఎత్తుకొని పోవును. జూన్ నెల వచ్చెనన్న ప్రతి కరెంటు స్తంభమునకును ఒక ఫ్లెక్సీ వ్రేలాడును. ప్రతి ఫ్లెక్సీ మీదను 'డిజిటల్ క్లాస్‌రూమ్' అను మాట యుండును. తల్లిదండ్రు లా మాటకు విలువ యిచ్చి ఫీజు కట్టుదురు గనుక, దాని యర్థ మేమో తెలిసికొను హక్కు వారికున్నది.

మా మనుమరాలు కొన్నాళ్లు చదివిన ఒక ప్రైవేటు బడిలో పుస్తకముల ఫీజుతోపాటు యాప్ ఫీజును కూడ కట్టించుకొనిరి. సాయంకాల మా పాప సోఫాలో కూర్చుండి ఆ యాప్‌లోని లెక్కలు చేయుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. ప్రశ్న క్రింద నాలుగు సమాధానములు. మొదటిది నొక్కెను, ఎఱ్ఱగా మెరిసెను. రెండవది నొక్కెను, ఎఱ్ఱగా మెరిసెను. మూడవది నొక్కగానే చప్పట్ల చప్పుడుతో ఒక బంగారు నక్షత్రము ఎగిరి వచ్చెను. ప్రశ్న నామె చదువనే లేదు. నెల తిరుగునప్పటికి తల్లి ఫోనుకు నక్షత్రముల లెక్కతో అభినందన వచ్చినది. నాకు నా మోచేయి జ్ఞాపకము వచ్చెను. తప్పును తుడిచివేయు పనిని నా చిన్ననాడు నేను చేసితిని. ఇప్పు డా పనిని యంత్రమే నక్షత్ర మిచ్చి మరీ చేయించుచున్నది.

బొమ్మ చూపి పాఠము చెప్పుట మనకు క్రొత్త గాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములను పంపిన సైట్ ప్రయోగపు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వెనుకబడిన పల్లెలలో ఉదయము బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు వచ్చెను. తరువాత 1982లో దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదుననే నెలకొన్నది. నేడది అంబేద్కర్ పేరు ధరించియున్నది. ఆకాశవాణి, టెలివిజను పాఠములు చదువు మానిన యెందరికో మరల పట్టాలు పుచ్చుకొను భాగ్యమును కలిగించెను. వీని మేలు నేను తక్కువ చేయను. కాని రేడియోకును టెలివిజనుకును నోరే గాని చెవి లేదు. అటు వినుచున్న పిల్లవానికి అర్థమైనదో లేదో ఇటు చెప్పుచున్నవారికి ఏ దారినను తెలియదు.

ఆ చెవిని గూర్చి ముందుగా ఆలోచించిన తెలుగువాడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో పుట్టి, యంత్రమునకు మనిషి మాటను వినుట నేర్పిన పరిశోధకులలో ప్రథమగణ్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కార మందుకొన్న యీ శాస్త్రజ్ఞుడు, 1980ల ఆరంభముననే పారిస్ నగరమున నెలకొన్న ఒక ప్రపంచ కేంద్రమున ప్రధాన శాస్త్రజ్ఞుడుగా నుండి, కంప్యూటరును బీద దేశముల జనుల చేతికి అందించుటెట్లని పాటుపడెను. ఆ తలంపే 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమై వెలసినది; ఆయనయే దానికి తొలి కులపతి. పల్లె బడులలో పదవ తరగతిలో మొదటి శ్రేణిన నిలిచిన పిల్లలను తెచ్చి, ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క ల్యాప్‌టాప్ నిచ్చి, రికార్డు చేసిన పాఠములను విననిచ్చి, ఆపి మరల విను స్వేచ్ఛను కూడ ఇచ్చిరి. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లవానికి ఇంగ్లీషు పాఠమును ఆపి మరల వినుట యెంతటి ఊరటయో, మొదటి యేడాది కాలేజీ తరగతిలో వెనుక బెంచీన కూర్చుండి బిక్కమొగము వేసికొన్న వారికి తెలియును.

మన ప్రభుత్వ పాఠశాలల కథ మెల్లగా నడచినది. తెలంగాణమున 2016 నవంబరులో ఉన్నత పాఠశాలలలో డిజిటల్ తరగతుల నారంభించిరి. గోడ మీదికి బొమ్మ పంపు ప్రొజెక్టరును కంప్యూటరును ఒకే పెట్టెలో నిమిడ్చి బొంబాయి ఐఐటీలో రూపొందించిన కె-యాన్ యంత్రములు అనేక బడులకు వచ్చినవి. 2017 సెప్టెంబరు 5న దీక్షా అను డిజిటల్ పాఠముల వేదికను నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆరంభింపగా, తరువాత మన పాఠ్యపుస్తకముల పుటలపై నలుపు తెలుపు గడుల ముద్రలు వెలసెను. ఆ క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూచినచో ఆ పాఠమునకు సంబంధించిన వీడియో తెరచుకొనును. అవి యున్నవని యెరుగని తల్లిదండ్రులు నాకీ చుట్టుపట్ల ఇప్పటికిని ఎదురగుచుందురు. పిల్లల పుస్తకము తీసి చూడుడని వారికి మనవి చేయుచున్నాను.

తరువాత 2020 వచ్చినది. కరోనా వలన మార్చి నడుమ మూతపడిన బడులు తెరచుకొనక, సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి ద్వారాను, టీ-శాట్ ఛానెళ్ల ద్వారాను మూడవ తరగతి మొదలు పై పిల్లలకు పాఠములు ప్రసారము చేసెను. మా వీధి చివర కట్టుచున్న ఒక ఇంటికి కాపలాదారుగా నున్న కుటుంబమున ఇద్దరు పిల్లలు, ఒకే ఫోను, ఆ ఫోను తండ్రి జేబులో పనికి పోవును. టీవీ లేదు. ఆ పిల్లలు మా వరండాలో కూర్చుండి మా టీవీలో పాఠము చూచెడివారు. చిన్నవాడు పాఠము నడుమ చేయి యెత్తెడివాడు. తెర మీది అయ్యవారు వానిని చూడలేరని అక్క ఎన్నిసారులు చెప్పినను, సందేహము వచ్చినంతనే వాని చేయి తనంత తానే పైకి లేచెడిది. ఆ యెత్తిన చేయి నాకిప్పటికిని కన్నులలో కదలుచున్నది. ఆనాడు బడికి తోవ లేనప్పుడు ప్రసారమే దిక్కయ్యెను, పాఠములు చెప్పిన యుపాధ్యాయులు రాత్రింబగళ్లు శ్రమించిరి, వారికి నమస్కారము. అయినను చేయి యెత్తిన పిల్లవానికి జవాబు రాని చదువు సగము చదువే యని బడులు మూతపడిన ఆ నెలలు ఎల్లరకును నేర్పినవి.

ఇంతకును నేనీ వ్యాసము వ్రాయుటకు కారణము, మొన్నటి వానాకాలమున ఇక్కడికి చేరువలోనే ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను చూచిన ఏడవ తరగతి లెక్కల పాఠము. గోడకు స్పర్శతో పనిచేయు పెద్ద తెర, ఐఎఫ్‌పీ ప్యానెల్ అందురు, బిగించియున్నది. ప్రక్కనే పాత నల్లబల్లయు ఉన్నది. ముప్పది యెనిమిది మంది పిల్లలు. ఒక్కరి చేతిలోను ట్యాబ్ లేదు. దానికి బదులు ప్రతి బిడ్డ ముందరను ఒక కాగితపు అట్ట. ఆ అట్ట మీద నల్లని గడులతో ఏర్పడిన ఒక చిత్రమైన ఆకారము. ఏ యిద్దరి ఆకారమును ఒక్కటి గాదు. ఆకారమునకు నాలుగు ప్రక్కల ఏ, బీ, సీ, డీ యని కంటికి కానరానంత చిన్న యక్షరములు. ప్లికర్స్ అను యాప్ కొరకు చేసిన యట్టలివి. హయత్‌నగర్ బస్ డిపో దగ్గర జిరాక్స్ తీయించి, ఇంట మిగిలిన పెండ్లి శుభలేఖల వెనుక అంటించితినని మాష్టారు చెప్పిరి. ఒకటి రెండింటి అంచున పసుపు మరక ఇంకను కనబడుచున్నది.

మాష్టారు తెర మీద ప్రశ్న వేసిరి: 0.6, 0.45, ఈ రెండింటిలో ఏది పెద్దది? పిల్లలు తమకు తోచిన సమాధానపు అక్షరము పైకి వచ్చునట్లు అట్టను త్రిప్పి యెత్తిరి. ప్రక్కవాని యాకారము వేరు గనుక చూచి వేయుటకు వీలు లేదు. అక్షరము చిన్నది గనుక తప్పు వేసిన బిడ్డను చూచి నవ్వుటకును వీలు లేదు. మాష్టారు తన ఫోనును ఒక మూల నుండి మరియొక మూలకు మెల్లగా త్రిప్పిరి. అర నిమిష మైనను కాలేదు. ఎవ రేమి చెప్పిరో ముప్పది యెనిమిది పేర్లతో ఫోను మీదికి వచ్చినది. ఇరువది ముగ్గురు 0.45 పెద్దదనిరి.

"ఎట్ల పెద్దదో చెప్పు బిడ్డా" అని మాష్టారు మూడవ బెంచీలోని పిల్లను అడిగిరి. గొంతున కోపము లేదు.

"నలభై అయిదు పెద్దది కద సార్. ఆరేమో చిన్నది."

తక్కిన యిరువది యిద్దరును అవును సార్ అనిరి. చూచితిరా, ఈ తప్పు అజాగ్రత్త వలన వచ్చినది కాదు. దశాంశ బిందువునకు కుడి ప్రక్క నున్నదానిని మామూలు సంఖ్య వలె చదివినచో, ఆ పిల్ల తర్కము నిర్దుష్టము. నలుగురు చురుకైన పిల్లలు చేయి యెత్తి సరియైన జవాబు చెప్పు మామూలు తరగతిలో, ఈ ఇరువది ముగ్గురును మౌనముగా తల యూపి యింటికి పోయెడివారే.

మాష్టారు రూపాయి ఉదాహరణ మెత్తిరి. రూపాయిలో అరవై పైసలు, నలభై అయిదు పైసలు, ఏవి ఎక్కువ యని యడుగబోగా, కిటికీ దగ్గరి పిల్లవాడు, "పైసలంటే రూపాయలే కద సార్?" అనెను. నాకు మొదట బోధపడలేదు. బోధపడినంతనే ఒడలు గగుర్పొడిచెను. ఈ ప్రాంతమున పైసలనగా డబ్బు. జేబులో పైసలున్నవా అని అడిగిన, రూపాయలనియే అర్థము. 25 పైసలును, అంతకు లోపలి నాణెములును 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగినవి. అప్పటి కీ పిల్ల లింకను పుట్టనే లేదు. మనము తరతరములుగా దశాంశములకు చెప్పుచు వచ్చిన ఆ యుదాహరణ వారి పాలిటికి ఒక చచ్చిన నాణెము. ఏ కంపెనీ వారు తయారుచేసిన వీడియోలోను ఈ సంగతి యుండదు. మాష్టారు క్షణకాలము నిలిచి, "అయితే ఈ ఉదాహరణ వద్దు" అని బీరువా తీసి మీటరు బద్దను చేత పుచ్చుకొనిరి.

ఆ దినము నేను నేర్చుకొన్నది పండితులు లెక్కలు కట్టి చూపిన దానితో సరిపోవుచున్నది. పెరూ దేశమున 'పిల్లవానికొక ల్యాప్‌టాప్' పథకము క్రింద పల్లె బడులకు కంప్యూటర్లను విరివిగా పంచిన పిదప, 319 పాఠశాలలలో పరిశీలన చేసి 2012లో వెలువరించిన నివేదిక, లెక్కలలోను భాషలోను పిల్లల మార్కులు పెరిగిన జాడ కానరాలేదని తేల్చినది. యంత్రమును చేతికిచ్చి ఊరకుండిరి. అది గురువునకు ఏమియు చెప్పలేదు. దీనికి భిన్నముగా ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్ మొదలగు ఆర్థికవేత్తలు 619 మంది పిల్లల మీద చేసి 2019లో ప్రకటించిన పరిశోధనలో, మైండ్‌స్పార్క్ అను సాఫ్ట్‌వేర్ ప్రతి బిడ్డ తప్పులను పసిగట్టి, ఆ బిడ్డ ఏ తరగతి స్థాయిన నిలిచిపోయెనో అక్కడి నుండియే ప్రశ్నలు వేసినది. దానితోపాటు చిన్న చిన్న జట్లుగా కూర్చుండబెట్టి చెప్పు సహాయకుడును ఉండెను. నాలుగున్నర నెలలకే లెక్కలలోను హిందీలోను ఆ పిల్లలు తక్కినవారిని స్పష్టముగా మించిరి. ఎనిమిదవ తరగతి పుస్తకమును పట్టుకొని మూడవ తరగతి లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లలు మన తరగతి గదులలో ఎందరో కలరు. ఒకే గదిలో ఐదు తరగతుల పిల్లలున్నట్టి యీ దుస్థితిలో, ఎవ రెక్కడ నిలిచిరో చూపు సాధనము ఉపాధ్యాయునకు చేతికఱ్ఱ వంటిది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదవ తరగతి పిల్లలకును వారి యుపాధ్యాయులకును సుమారు 5 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలైనది. ఇంటర్నెట్ లేకున్నను నడచునట్లు పాఠములను ముందుగనే అందులో నింపిరి. ఇది తెలివైన యేర్పాటు. పాఠము లిచ్చిన బైజూస్ సంస్థ 2024లో దివాలా ప్రక్రియ పాలయ్యెను. అంగడి సరకును నమ్ముకొన్న చదువునకు ఈ ప్రమాద మెప్పుడును ఉండును గనుక, పాఠ్యసామగ్రి ప్రజల సొత్తుగా నుండుట మేలు. ఉచితముగా దొరకు సాధనములును లేకపోలేదు. సాల్జ్‌బర్గ్ నగరమున ఒక విద్యార్థి 2001లో మొదలుపెట్టిన జియోజీబ్రా అను గణిత సాఫ్ట్‌వేరును నేడు ప్రపంచమెల్ల ఉచితముగా వాడుకొనుచున్నది. త్రిభుజము శీర్షమును వ్రేలితో లాగిన కొలది మూడు కోణములును మారుచుండినను వాని మొత్తము 180 డిగ్రీల దగ్గరనే నిలిచియుండుటను పిల్లలు కన్నులార చూచెదరు. కొలరాడో విశ్వవిద్యాలయము వారి ఫెట్ కంప్యూటరు ప్రయోగములు కొన్ని తెలుగున లభించుచున్నవి. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడపిన క్లిక్స్ కార్యక్రమము తెలంగాణ ఉన్నత పాఠశాలలకు తెలుగుననే కంప్యూటరు పాఠములను సిద్ధపరచి, యునెస్కో వారి 2017 పురస్కారమును పొందినది. అందు ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒక కంప్యూటరు ముందర కూర్చుండి తమలో తాము వాదించుకొనునట్లు పాఠములను కూర్చుట నాకు మిక్కిలి నచ్చినది. మా మనుమరాలు సోఫాలో ఒంటరిగా నొక్కినట్లు అక్కడ నొక్కుటకు వీలు కాదు. ప్రక్క పిల్ల ఒప్పుకొనదు.

భాషను గూర్చి ఒక మాట. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చి, పుస్తకములు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చగుచున్నవి. పిల్లవాడు తప్పు చేసినప్పు డది లెక్క రాక చేసినదో, ప్రశ్న యర్థము గాక చేసినదో యంత్రము చెప్పలేదు. అదే ప్రశ్నను తెలుగున మరల వేసి చూచు తాళిమి ఉపాధ్యాయునకు ఉండవలెను. ఆ వీలు యాప్‌లో ఉండవలెను. అమ్మకమునకు వచ్చు యాప్‌లలో తెలుగునకు చోటు మిక్కిలి స్వల్పము. ఫ్లెక్సీలు చూచి మురియు తల్లిదండ్రులు బడివారిని ఈ సంగతి తప్పక అడుగవలెను.

అడుగవలసినది మరియొకటి యున్నది. తప్పును మరువని పలక ఆ తప్పును ఎవరికి చెప్పుచున్నది? గురువునకు చెప్పిన వైద్యము. పరులకు చెప్పిన చాడి. పదేండ్ల పిల్ల భిన్నములలో తడబడిన సంగతి ఏ కంపెనీ కంప్యూటరులోనో సంవత్సరముల తరబడి నిలిచి, ఆ యింటికి ట్యూషను అమ్ముటకు పనికివచ్చుట అన్యాయము. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండని పిల్లల సమాచారమును తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. బడిలో చేర్చునాడు ఇరువది కాగితముల మీద సంతకములు పెట్టుచు, ఆ సమ్మతి కాగితమును కూడ చదువకయే మనము సంతకము పెట్టుదుము. చదువుడు. ఏమి తీసికొందురు, ఎన్నాళ్లుంచుదురు, బిడ్డ బడి మానినప్పుడు చెరపుదురా అని అడుగుడు.

ఇంటిలోని ఫోను మాట వేరు. పల్లె పిల్లల చదువును కొలుచు 2024 అసర్ సర్వేలో, గ్రామీణ భారతమున 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో స్మార్ట్‌ఫోను వాడుట తెలిసినవారు నూటికి 82 మంది; వారిలో గడచిన వారమున దానిని చదువునకు వాడితిమన్నవారు నూటికి 57 మంది, సోషల్ మీడియాకు వాడితిమన్నవారు నూటికి 76 మంది. పట్నపు పిల్లలు ఇంతకంటె మెరుగని నేననుకొనను. కావుననే తరగతి గదిలో ముప్పది యెనిమిది మందికి ఒకే ఫోను, అదియు మాష్టారి చేతిలో నున్న ఆ యేర్పాటు నాకంత ముచ్చట గొల్పినది. దానికి ఖర్చు జిరాక్స్ డబ్బులు. కరెంటు పోయినను ఫోనులో ఛార్జింగు ఉండును. చిన్నపిల్లల కన్నులకు శ్రమ లేదు.

వారము దినముల పిదప నేను మరల ఆ బడికి పోతిని. అప్పటికి మాష్టారు మీటరు బద్దతోను, తెర మీద సంఖ్యారేఖను సాగదీసి చూపియు, దశాంశములను మరల చెప్పియుండిరి. అదే ప్రశ్నను అంకెలు మార్చి వేయగా, ఇరువది ముగ్గురు ఐదుగురైరి. మధ్యాహ్న భోజనము తరువాత ఆ ఐదుగురును గదిలోనే నిలిచిరి. మూడవ బెంచీ పిల్ల వారిలో నొకతె. తల్లి ఇంటివద్ద జాకెట్లు కుట్టును. మాష్టారు ముందునాడే చెప్పి పంపినందున, సంచిలో నుండి పచ్చని కుట్టు టేపు తీసి బల్ల మీద పరచినది. తెర ఆరిపోయియున్నది. మాష్టా రా పిల్ల బెంచీ మీదనే ప్రక్కన కూర్చుండి, "ఇక్కడి వరకు నిండు మీటరు. పది సమానముగ చెయ్యి" అనిరి.

పిల్ల పది సెంటీమీటర్ల కొకసారి బలపముతో బల్ల మీద గీత పెట్టినది. ఆరవ గీత దగ్గర వ్రేలుంచి 0.6 అనినది. 0.45 ఎక్కడని యడుగగా వ్రేలు ముందునకు పోబోయి ఆగినది. వెనుకకు వచ్చి నాలుగవ గీత దాటి, ఐదవ గీత చేరక నడుమ నిలిచినది. చాలసేపు అక్కడనే చూచినది.

"ఇది చిన్నదే సార్" అనినది. మరల కొంతసే పాలోచించి, "మరి 0.600 అని రాస్తే? అది పొడుగుంటది కద, ఇంకా పెద్దదైతదా?"

మాష్టారు జవాబు చెప్పలేదు. జేబులోని ఫోను తీసి, రేపటి ప్రశ్నల జాబితాలో ఆ ప్రశ్నను చేర్చుకొని, టేపును మరల ఆమె చేతికే యిచ్చిరి.